ముక్కు శాంపిల్: తప్పు బొమ్మది, నింద పరీక్షకు



గత ఆదివారం ఈ పత్రిక ఆరోగ్య పుటలో పిల్లల ముక్కు నుంచి శాంపిల్ తీయడాన్ని ‘చిత్రహింస’గా వర్ణించిన వ్యాసం కంటే, దాని పక్కన అరపేజీ ఆక్రమించిన రంగుల బొమ్మ ఎక్కువ హాని చేసింది. అందులో పుల్ల బిడ్డ ముక్కుపుటం నుంచి కనుబొమల వైపు ఎగబాకుతూ కనిపిస్తుంది. ముక్కు లోపలి దారి కళ్ల వైపు ఎక్కదు. అంగిలికి సమాంతరంగా వెనక్కి సాగి, గొంతు పైభాగమైన నాసాగ్రసనిలోకి తెరుచుకుంటుంది. స్వాబ్‌ను, అంటే కొసన మెత్తటి నూగు ఉన్న పుల్లను, ముక్కు అడుగుభాగం వెంట మెల్లగా పంపి, అడ్డు తగలగానే ఆపి, స్రావం పీల్చుకునేలా కొన్ని క్షణాలు ఉంచి, తిప్పుతూ బయటికి తీయాలి. ముక్కుకూ మెదడుకూ మధ్య ఉండే చిల్లుల ఎముక పైకప్పులో ఉంటుంది కనుక, చిత్రకారుడు చూపిన దిశే అసలు ప్రమాదకరమైన దిశ. ‘పుల్ల మెదడుకు తగులుతుంది’ అని కోవిడ్ కాలంలో వీధివీధినా తిరిగిన పుకారుకు, ఇన్నాళ్లకు ఈ పత్రిక చలవతో రంగుల అచ్చు యోగం పట్టింది.

ఈ లేఖ రాస్తున్న పాఠకుడి ఆగ్రహానికి కారణం లేకపోలేదు. ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల మనవరాలికి శాంపిల్ తీయడానికి వచ్చిన ఉద్యోగి, తల్లిని గది బయటికి పంపించి, బిడ్డను బల్లమీద పడుకోబెట్టి ఇద్దరిచేత కాళ్లూ చేతులూ అదిమి పట్టించి, పెద్దలకు వాడే పుల్లను సరిగ్గా ఆ బొమ్మలో ఉన్నట్టే పైకి నెట్టాడు. నెత్తురు వచ్చింది, బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. వైరస్ చెడకుండా కాపాడే ద్రవమున్న గొట్టాన్ని వెంటనే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచవలసి ఉండగా, అది మధ్యాహ్నమంతా కిటికీ పక్క బల్లమీద ఎండ కాచుకుంది. చివరికి ‘శాంపిల్ పనికిరాదు, మళ్లీ పంపండి’ అని కబురు వచ్చింది. రుసుము మాత్రం మొదటిసారికీ పనికివచ్చింది, రెండోసారికీ పనికివచ్చింది. మర్నాడు ఒక నర్సు, బిడ్డ వీపు తల్లి రొమ్ముకు ఆనేలా ఒడిలో కూర్చోబెట్టి, తల్లి ఒక చేత్తో బిడ్డ చేతులను చుట్టి, మరో చేత్తో నుదుటిని పట్టుకోగా, పిల్లలకోసం తయారైన సన్నని స్వాబ్‌తో ఇట్టే పని ముగించింది. వ్యాసకర్త ఈ రెండో పద్ధతిని ఎన్నడూ చూడలేదో, చూసినా రాయదగినదిగా తోచలేదో తెలియదు.

అదే పుటలో, శ్వాస జబ్బులు తెచ్చే హెచ్ఎంపీవీని (హ్యూమన్ మెటాన్యుమోవైరస్‌ను) మళ్లీ ‘కొత్త వైరస్’ అన్నారు. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో అది బయటపడిందన్న ప్రకటన వచ్చినప్పుడు మొదలైన ఈ మాట ఇంకా వదలలేదు. దానిని నెదర్లాండ్స్ పరిశోధకులు 2001లోనే లోకానికి వెల్లడించారు. అదీ ఇరవయ్యేళ్ల కాలంలో శ్వాస జబ్బులతో వచ్చిన 28 మంది చిన్నపిల్లల ముక్కు స్రావాలను పరీక్షించి. ఆ పిల్లల శాంపిళ్లే తీసి ఉండకపోతే, ‘కొత్తది’ అని రాయడానికి అప్పట్లో దానికి పేరైనా దక్కేది కాదు.

వ్యాసంలో ఒప్పుకోదగిన మాట ఒకటుంది: ప్రతి జలుబుకూ పరీక్ష అక్కర్లేదు. ఆసుపత్రిలో చేరిన బిడ్డకు ఇన్‌ఫ్లుయెంజా మందు ఇవ్వాలా, వార్డులో విడిగా ఉంచాలా అన్నది తేలవలసినచోట, అంటే ఫలితం వైద్యాన్ని మార్చేచోటే అది అవసరం. అవసరమైనప్పుడైనా ప్రతిసారీ లోతుకు పోనక్కర్లేదు. పరీక్షను బట్టి ముక్కు ముందుభాగం నుంచే స్వాబ్ తీయవచ్చు, పసికందులకైతే ఉప్పునీటి చుక్కలు వేసి స్రావాన్ని గొట్టంతో పీల్చవచ్చు. జర్మనీలోని నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం 2021లో ప్రాథమిక పాఠశాలల పిల్లలచేత స్వాబ్‌ను 30 సెకన్లు చప్పరింపజేసి కోవిడ్ పరీక్షలు జరిపింది. ఇవేవీ చెప్పకుండా పరీక్షనే హింస అనడం వల్ల, శిక్షణ లేని చేతులూ, శిక్షణ ఇవ్వని యాజమాన్యాలూ నింద నుంచి తప్పించుకుంటాయి.

సవరణను నాలుగో పేజీ అడుగున చీమకాళ్ల అక్షరాల్లో కాక, అదే పుటలో అంతే పెద్ద బొమ్మతో ప్రచురించడం పత్రిక బాధ్యత. తల్లిదండ్రులు అంతవరకూ ఆగనవసరం లేదు: బిడ్డను తమ ఒడిలోనే ఉంచాలనీ, పిల్లల స్వాబ్ వాడాలనీ, అడ్డు తగిలితే ఆపాలనీ శాంపిల్ తీసేవారిని ముందుగానే అడగాలి.