ఐపీ68 సరే, బాకీల పద్దు సంగతేంటి?

ఫోన్ రివ్యూల్లో వాటర్ టెస్ట్ అంటే నాకు ఇష్టమే. బకెట్లో ముంచుతారు, టైమర్ పెడతారు, తీసి తుడిచి టచ్ పనిచేస్తోందని చూపిస్తారు. కానీ 2024 సెప్టెంబర్ 1 తర్వాత అలాంటి వీడియో ఏది చూసినా మా బాబాయ్ షాపే గుర్తొస్తోంది.

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో బాబాయ్‌కి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఆ ఆదివారం బుడమేరు నీళ్లు వచ్చేశాయి. (బయట ఊళ్ల ఫ్రెండ్స్ ఇప్పటికీ కృష్ణా వరద అంటుంటారు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది మర్నాడు. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరే.) బాబాయ్ చేతిలో ఉన్నది నేను ఏరి కోరి కొనిపించిన ఐపీ68 ఫోన్. నడుం లోతు నీళ్లలో కూడా దానికేం కాలేదు. కరెంటు లేక రెండో రోజుకి చార్జింగ్ అయిపోయింది, అంతే.

షాపు లెక్కలన్నీ ట్యాలీలో. కంప్యూటర్ కౌంటర్ కింద ఉంది. బ్యాకప్ ఉందా అంటే ఉంది, పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ గల్లాపెట్టె సొరుగులో. అంటే కంప్యూటర్‌కి రెండు అడుగుల దూరంలో. రెండూ కలిసే మునిగాయి.

నీళ్లు తగ్గాక బాబాయ్ సీపీయూని మూడు రోజులు ఎండలో పెట్టి ఆన్ చేశాడు. నాకు ఫోన్ చేసి చెప్పేసరికే ఆ పని అయిపోయింది. మామూలు హార్డ్ డిస్క్‌కి గాలి కోసం సన్నటి రంధ్రం ఉంటుంది. అందులోంచి బురద నీళ్లు లోపలికి పోతాయి. ఆరబెడితే ఆ బురద పళ్లెం మీదే గడ్డకడుతుంది, పవర్ ఇస్తే హెడ్ దాన్ని గీకేస్తుంది. తడిసిన డిస్క్‌ని ఆన్ చేయకూడదు, ఆరబెట్టకూడదు. అలాగే కవర్లో చుట్టి రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. మేం కూడా తీసుకెళ్లాం గానీ, డిస్క్ నుంచి ఏమీ రాలేదు. పెన్‌డ్రైవ్‌ని కూడా కంప్యూటర్ గుర్తించలేదు.

"జీఎస్టీ పోర్టల్‌లో అంతా ఉంటుంది కదరా" అన్నాడు బాబాయ్. సగం నిజమే. జీఎస్టీఆర్-2బీలో ఆయన కొన్న సరుకు బిల్లులు దొరికాయి. జీఎస్టీఆర్-1లో జీఎస్టీ నంబరున్న కాంట్రాక్టర్లకి అమ్మిన బిల్లులు దొరికాయి. కానీ వాళ్లలో ఎవరు ఎంత కట్టారో ఆ రిటర్న్‌లో ఉండదు. ఇక జీఎస్టీ నంబరు లేని ఎలక్ట్రీషియన్లు, ఇల్లు కట్టుకుంటూ అరువుకి వైర్లు పట్టుకెళ్లినవాళ్లు, వీళ్లందరి అమ్మకాలూ నెలకో మొత్తం అంకెగానే పోర్టల్‌కి వెళ్తాయి. పేర్లుండవు. బాబాయ్ వ్యాపారంలో సగానికి పైగా వీళ్లే. కొందరు వాళ్లంతట వాళ్లే చీటీలు పట్టుకొచ్చి బాకీ చెప్పారు. వాళ్ల ఇళ్లూ మునిగినవే. మిగతావాళ్లని ఏ కాగితం చూపించి అడుగుతాడు?

నేను బీటెక్ చేశా. ఆఫీసులో నా పనే బ్యాకెండ్ సర్వర్లు చూసుకోవడం. బాబాయ్‌కి ఏ ప్రాసెసర్, ఎన్ని మెగాపిక్సెల్స్ అని గంటసేపు క్లాస్ పీకా. లెక్కల కాపీ ఎక్కడుంది అని ఒక్కసారి కూడా అడగలేదు.

వరద సంగతి వేరు, సైబర్ సెక్యూరిటీ వేరు అని కొట్టిపారేయకండి. అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. అది హ్యాకింగ్ కూడా కాదు. జులై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, ఎన్‌పీసీఐ ఆ కంపెనీని పేమెంట్ నెట్‌వర్క్ నుంచి తాత్కాలికంగా తప్పించింది. దాని మీద నడిచే దాదాపు 300 చిన్న బ్యాంకుల కస్టమర్లకి యూపీఐ లాంటివి ఆగిపోయాయి. ఇంకా వెనక్కి వెళ్తే 2017 మేలో వానాక్రై మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లలోకీ వచ్చింది, కృష్ణా, గుంటూరు జిల్లాలు సహా. దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వీటిలో ఒక్కోదానికి కారణం ఒక్కోటి. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి మాత్రం కనిపించేది ఒకటే, స్క్రీన్ మీద లెక్క లేదు. అందుకే ఏ యాంటీవైరస్ కొనాలి అనే చర్చ నాకు రెండో మెట్టు. లెక్క పోతే ఎన్ని గంటల్లో తిరిగి తెచ్చుకోగలం అనేది మొదటి మెట్టు.

కొత్త కంప్యూటర్‌తో పాటు బాబాయ్ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాడు. సంతోషించా. వెళ్లి చూస్తే అది రోజంతా ప్లగ్ చేసే ఉంది! రాన్సమ్‌వేర్ వస్తే కంప్యూటర్‌కి తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌నీ లాక్ చేస్తుంది. వరదకి సొరుగులో పెన్‌డ్రైవ్ ఎలాగో, దీనికి ఇది అలాగే. గూగుల్ డ్రైవ్ సింక్ కూడా పూర్తి జవాబు కాదు, ఎందుకంటే ఇక్కడ పాడైన ఫైలే అక్కడికీ ఎక్కుతుంది. పాత వెర్షన్లు కొన్నాళ్లు ఉంటాయి, గమనించడం ఆలస్యమైతే అవీ పోతాయి.

ఇప్పుడు రెండు డిస్కులు పెట్టాం. ఒకటి షాపులో, రాత్రి బ్యాకప్ అవగానే పీకేస్తారు. ఇంకోటి ఉయ్యూరులో పిన్ని పుట్టింట్లో, బీరువాలో. పదిహేను రోజులకోసారి అటు వెళ్లినప్పుడు మార్చుకొస్తారు. ఖర్చు ఒక మాదిరి ఇయర్‌బడ్స్, ఫాస్ట్ చార్జర్ కలిపి కొన్నంత. మొదటి నెలలో నా ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి చూస్తే మార్చి దాకానే లెక్కలొచ్చాయి. కొత్త ఆర్థిక సంవత్సరానికి ఫోల్డర్ మారింది, బ్యాకప్ పాత ఫోల్డర్‌నే కాపీ చేస్తోంది. ఆ రోజు చూడకపోతే రెండు డిస్కులూ దండగే అయ్యేవి.

మీ ఇంట్లో కూడా ఏ ఫోన్ కొనాలో చెప్పేది మీరే అయ్యుంటారు. నాన్న మెడికల్ షాపో, అత్త బొటిక్కో, మామయ్య ఆక్వా మేతల డీలర్‌షిప్పో, దాని ఐటీ డిపార్ట్‌మెంట్ కూడా మీరే, ఎవరూ అపాయింట్ చేయకపోయినా. ఈసారి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల బ్యాకప్ అడిగి తీసుకుని, మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. వాళ్ల కంప్యూటర్‌లో కాదు, మీదాంట్లో.

మాకు ఇంకో పని మిగిలే ఉంది. బ్యాంకుకి, జీఎస్టీకి, మెయిల్‌కి, యూపీఐకి బాబాయ్‌ది ఒకటే నంబరు, ఒకటే ఫోన్. మెయిల్‌కి బ్యాకప్ కోడ్లు ప్రింట్ తీసి ఉయ్యూరు బీరువాలో పెట్టించా. మిగతావాటికి పిన్ని పేరు మీద ఇంకో సిమ్ తీసుకుందాం, బ్యాంకులో ఆమెని కూడా చేరుద్దాం అంటే, "దసరా అయ్యాక చూద్దాంలే" అన్నాడు. మళ్లీ అడగాలి.