ముఖము ఎవరి సొత్తు?

అమెరికాయందలి ఇల్లినాయ్ రాష్ట్రపు చట్టమును పురస్కరించుకొని 2015 మొదలు ఫేస్‌బుక్, షటర్‌ఫ్లై, గూగుల్ కంపెనీలపై వ్యాజ్యములు నడచినవి. జనులు ఇంటర్నెట్టున దాచుకొనిన ఛాయాచిత్రములనుండి ముఖముల కొలతలు తీసి, ఎవరు ఎవరో గుర్తించు యంత్రసాధనములను ఈ కంపెనీలు నడపెనని అభియోగము. వానికి సమాధానముగ ప్రతివాదులు మరల మరల వేసిన ప్రశ్న యొక్కటి: మీకు కలిగిన నష్టమేమి?

ఆ చట్టము 2008 నాటిది. పే బై టచ్ అను కంపెనీ దుకాణములలో వ్రేలు మోపి సొమ్ము చెల్లించు పద్ధతిని నెలకొల్పి, పిదప దివాలా తీసెను. ఖాతాదారుల వ్రేలిముద్రలు ఆస్తుల జాబితాలో జేరి యెవరి చేత బడునో యను భయముతో శాసనసభ మేల్కొన్నది. వ్రేలిముద్ర గాని ముఖపు కొలత గాని కోరువారు ముందుగా వ్రాతమూలకముగ సమ్మతి పొందవలెను, వానిని అమ్మరాదు. తప్పినచో పౌరుడే కోర్టుకెక్కవచ్చును. ఏమరుపాటునకు 1,000 డాలర్లు, తెలిసి చేసినచో 5,000 డాలర్లు పరిహారము. గుర్తింపు సంఖ్య పోయిన మార్చుకొనవచ్చును, దేహలక్షణమును మార్చుకొనలేమని చట్టమునందే వ్రాసినారు.

చట్టము ఛాయాచిత్రములను మినహాయించినది గనుక వానినుండి తీసిన కొలతలకును మినహాయింపు గలదని కంపెనీలు వాదించినవి. ఈ చమత్కారము న్యాయమూర్తులయొద్ద చెల్లలేదు. షటర్‌ఫ్లైపై దావా వేసిన వ్యక్తికి ఆ కంపెనీలో ఖాతాయే లేదు. అతని చిత్రమును మరియొకరు చేర్చిరి. అట్టివానిని సమ్మతి అడిగినదెవరు?

నష్టమను ప్రశ్న మాత్రము సులభముగా తేలలేదు. 2018 డిసెంబరులో చికాగో ఫెడరల్ న్యాయస్థానము స్పష్టమైన హాని కానరాదని గూగుల్‌పై వ్యాజ్యమును కొట్టివేసినది. మరుసటి నెలలోనే, ఒక వినోదశాలవారు పదునాలుగేండ్ల బాలుని బొటనవ్రేలిముద్ర గొనిన వేరొక కేసులో, హక్కునకు భంగము కలుగుటయే చాలునని ఇల్లినాయ్ సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మాకిదియే న్యాయముగ దోచుచున్నది. పైరు చెడలేదు గదా యని పరుని చేనిలో బండిబాట తీయువానిని ఏ రైతు సహించును?

ఆ తీర్పు ఫలించినది. ఫేస్‌బుక్ 55 కోట్ల డాలర్లకు రాజీపడగా, న్యాయమూర్తి జేమ్స్ డొనాటో అది చాలదని సందేహించెను. తుదకు 65 కోట్లకు 2021లో ఆమోదము లభించినది. (న్యాయవాదుల వంతు అందు 9 కోట్ల 75 లక్షలు!) ఆ నవంబరులో నూరుకోట్లకు మించిన ముఖముల కొలతలను చెరిపివేయుదుమని ఆ కంపెనీ ప్రకటించినది. గూగుల్ 2022లో రాష్ట్ర న్యాయస్థానమున 10 కోట్లకు రాజీపడినది.

2023లో ప్రతి మారు ముద్ర గొనుటయు వేరువేరు ఉల్లంఘనయని సుప్రీముకోర్టు చెప్పగా వర్తకులు గగ్గోలు పెట్టిరి. 2024 ఆగష్టు సవరణతో, ఎన్నిమార్లు గొనినను మనిషికొక్క పరిహారమే యైనది. ఇందు కొంత సబబు లేకపోలేదు. కాని అదే సవరణ ఎలక్ట్రానిక్ సంతకమును సమ్మతిగ నంగీకరించినది. ఎవరును చదువని షరతుల క్రింద మీట నొక్కించి, అదియే సమ్మతి యనుటకు కంపెనీలకు దారి సుగమమైనది.