మిడుతపై నేరము మోపుటకు ముందు

మిడుత పైరునకు శత్రువని మన విద్యార్థులలో నెవ్వరి నడిగినను తడుముకొనక చెప్పుదురు. కొంతవఱకు నిజమే. వరిచేలలోని మిడుత వానకాలము ముగియునప్పుడు గట్లమట్టిలో గ్రుడ్లు పెట్టును. అవి శీతకాలమును, వేసవిని దాటి తొలకరివానలకు పగులును. ఱెక్కలు రాని పిల్లలు ముందు గట్టుమీది గడ్డిని, పిమ్మట వరియాకులను అంచునుండి కొఱికి తినును. ఎడారిమిడుత మఱింత తిండిపోతు. చదరపు కిలోమీటరు మేర వ్యాపించిన దండులో 4 కోట్లు మొదలు 8 కోట్ల వఱకు మిడుతలుండవచ్చును. ఒక్కొక్కటి దినమునకు ఇంచుమించు తన బరువంత, అనగా 2 గ్రాముల మేత మేయును. 2020వ సంవత్సరమున అట్టి దండులు రాజస్థానము, మధ్యప్రదేశము, మహారాష్ట్రములపై వచ్చి పడినవి.

అయినను మిడుతను తిట్టి యూరకుండుటకు మేము సమ్మతింపము. కప్ప గడ్డి తినలేదు, తొండయు తినలేదు. పచ్చిక వానికి మిడుత రూపముననే అందుచున్నది. ఆ కప్పను పాము, పామును గ్రద్ద తినును. ఒక మెట్టునందలి సారములో సుమారు పదియవవంతే పైమెట్టునకు చేరును గనుక, ఒక్క గ్రద్ద బ్రతుకవలెనన్న క్రింద నెన్ని మిడుతలు మేయవలెనో లెక్క వేయుడు! మేయుచున్న పశువుల కాళ్లవెంట కొంగలు నడచుట స్నేహముచేత గాదు, గడ్డిలోనుండి యెగురు పురుగుల కొఱకే. దసరానాడు పాలపిట్టను చూడ నూరిబయటికి పోవువారును, తక్కిన దినములలో అది యేమి తినునో విచారింపరు.

మేము తప్పుపట్టునది ఉండేలు పట్టిన చేతిని. తొండ కనబడిన రాయి విసరుట మన బాలురకు ఆటయైనది. పెద్దలును తక్కువవారు కారు. 1958లో చీనాదేశమున పిచ్చుకలు ధాన్యము తినుచున్నవని దేశమంతట వానిని చంపించిరి. పిచ్చుక గింజలు తినుట నిజమే. కాని తన పిల్లలకు పురుగులనే పెట్టును. పిచ్చుకలు పోగా మిడుతలును తక్కిన పురుగులును పెరిగి పంటలను పాడుచేసెను. 1960లో ఆ వేట మానిరి. మన దేశమో, కప్పకాళ్లను చిరకాలము పరదేశముల కమ్ముకొని, 1987లో గాని ఆ యెగుమతిని నిషేధింపలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మిడుత కనబడగానే మందు చల్లినచో దానిని తిను సాలీడును చచ్చును. మరుసటి యేడు కావలి యుండదు. వేసవిలో గట్లు చెక్కించుడు. బయటపడిన గ్రుడ్లను ఎండ మాడ్చును, పక్షులు ఏఱుకొని తినును. దీనికి పాఱ యొకటి చాలును. సెలవులలో ఇంటనుండు మన బాలురు ఉండేలు విడిచి దానిని పట్టవచ్చును.