పది మగ్గాలున్నా ఒక్క చీర త్వరగా దిగదు: గేమింగ్ కంప్యూటర్‌లో కోర్ల లెక్క

సూరత్‌లోని ఆల్థాన్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకోండి. తాత దశాబ్దాల కిందట తెలంగాణ నుంచి పవర్‌లూమ్ పని కోసం వచ్చినవారు. మనవడికి ఇప్పుడు గేమింగ్ కంప్యూటర్ కావాలి. ముందు రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకదాంట్లో 16 కోర్ల ప్రాసెసర్, మామూలు గ్రాఫిక్స్ కార్డు. రెండోదాంట్లో 6 కోర్ల ప్రాసెసర్, మెరుగైన గ్రాఫిక్స్ కార్డు. ధర దాదాపు ఒకటే.

"పదహారు కోర్లుంటే గేమ్ మస్తు స్పీడ్ పోతది తాతా" అంటాడు మనవడు. "పది మగ్గాలు పెట్టినా ఒక్క చీర జల్ది దిగదు బిడ్డా" అని తాత జవాబిస్తే, కంప్యూటర్ శాస్త్రంలోని ఒక మౌలిక సూత్రాన్ని ఆయన చెప్పేసినట్టే.

నేత పనిలో కండెలు చుట్టడాన్ని నలుగురు పంచుకోవచ్చు. పని త్వరగా ముగుస్తుంది. మగ్గం మీద సంగతి వేరు. పడుగులోంచి ఒక పేక పోగు వెళ్లి, దాన్ని దగ్గరికి కొట్టాకే తర్వాతి పోగు వెళ్లాలి. పది మగ్గాలుంటే రోజుకు పదింతల చీరలు వస్తాయి గానీ, ఒక చీర నేసే సమయం తగ్గదు. ప్రాసెసర్‌లోని కోర్లకూ ఇదే పరిమితి ఉంది.

అసలు కోర్ల సంఖ్య ఎందుకు పెరిగింది? గేమ్‌లు కోరాయని కాదు, వేడి వల్ల. ఒకప్పుడు ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్న కొద్దీ వాటికి కావాల్సిన వోల్టేజీ తగ్గేది. అందుకే చిప్ వేడెక్కకుండానే క్లాక్ వేగం పెంచడం సాధ్యమైంది. 2000ల మధ్యకు వచ్చేసరికి ఆ వెసులుబాటు పోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెచ్చే ఆలోచనను ఇంటెల్ 2004లో విరమించుకుంది. మరుసటి ఏడాదే ఇంటెల్, ఏఎండీ రెండూ రెండు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్లను విడుదల చేశాయి. ఒక కోర్‌ను ఇంకా వేగంగా పరుగెత్తించలేక, పక్కన మరో కోర్ పెట్టారు. దానికి తగ్గట్టు పనిని పంచే బాధ్యత సాఫ్ట్‌వేర్ రాసేవారి మీద పడింది.

గేమ్‌లో ఆ పంపకం తేలిక కాదు. తెర మీద సెకనుకు 60 చిత్రాలు రావాలంటే ఒక్కో చిత్రానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో ఆటగాడు నొక్కిన మీట ఏదో చదవాలి, పాత్రలు ఏం చేయాలో తేల్చాలి, ఏది దేనికి తగిలిందో లెక్కించాలి, ఏం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. పాత్ర ఎక్కడుందో తెలియకుండా దానికి తూటా తగిలిందో లేదో చెప్పలేం. అంటే చాలా పనులు పేక పోగుల్లా ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే.

ఈ పరిమితిని 1967లో జీన్ ఆమ్డాల్ వివరించారు. ఆయన పేరుతోనే దాన్ని ఆమ్డాల్ సూత్రం అంటారు. ఒక చిత్రం తయారీకి ఒకే కోర్ మీద 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. అందులో సగం పంచుకోగలిగే పని, సగం వరుసగా చేయాల్సిన పని. రెండు కోర్లతో సమయం 15 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. నాలుగుతో 12.5, ఎనిమిదితో 11.25, పదహారుతో దాదాపు 10.6. మొదట చేర్చిన ఒక్క కోర్ 5 మిల్లీసెకన్లు ఆదా చేస్తే, చివర చేర్చిన ఎనిమిది కోర్లూ కలిసి ఒక మిల్లీసెకను కూడా ఆదా చేయలేదు. వెయ్యి కోర్లు పెట్టినా 10 కిందికి దిగదు.

అలాగని కోర్లు దండగ అనడం తప్పు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ 8 కోర్లున్నాయి. పెద్ద గేమ్‌లు రాసేవారు వాటిని దృష్టిలో పెట్టుకునే పని పంచుతారు. డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే ఆదేశాలను పలు కోర్లు కలిసి సిద్ధం చేసే వీలు పెరిగింది. అందుకే ఇవాళ రెండు కోర్ల యంత్రం మీద కొత్త గేమ్ తడబడుతుంది. 6 నుంచి 8 కోర్ల వరకు పెట్టే ఖర్చుకు అర్థం ఉంది. కేవలం ఆటల కోసమే అయితే, ఆపై పెట్టే డబ్బుకు దక్కే ఫలితం తక్కువ.

దీనికి బలమైన సాక్ష్యం ఏఎండీ ప్రాసెసర్లలోనే ఉంది. 2022లో వచ్చిన రైజన్ 7 5800ఎక్స్3డీలో ఉన్నవి 8 కోర్లే. అయినా అదే తరానికి చెందిన 16 కోర్ల రైజన్ 9 5950ఎక్స్‌ను చాలా గేమ్‌లలో అది దాటేసింది. దాని క్లాక్ వేగం కూడా ఎక్కువేమీ కాదు. తేడా ఎల్3 క్యాష్‌లో ఉంది: పెద్ద ప్రాసెసర్‌లో 64 మెగాబైట్లు, దీంట్లో 96. కావాల్సిన సమాచారం చేతికందేంత దగ్గర్లో ఉంటే, కోర్ దాని కోసం మెమొరీ వైపు చూస్తూ ఖాళీగా కూర్చోదు. కండె సిద్ధంగా లేక ఆగిన మగ్గం పక్కన మరో మగ్గం పెడితే ఏం లాభం?

ఇక చిత్రాన్ని గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. అందులో వేలకొద్దీ చిన్న కోర్లుంటాయి. అక్కడ అవి పనికొస్తాయి, ఎందుకంటే తెర మీద ఒక చుక్క రంగును లెక్కించడానికి చాలావరకు పక్క చుక్క కోసం ఆగనక్కర్లేదు. కార్డు బలహీనంగా ఉంటే ప్రాసెసర్‌కు ఎన్ని కోర్లున్నా ఎదురుచూడటమే మిగులుతుంది. ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్ ఉంటే దీన్ని తేలిగ్గా పరీక్షించవచ్చు. గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూడాలి. సెకనుకు వచ్చే చిత్రాలు బాగా పెరిగితే అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి.

"ఇప్పుడు కాకపోయినా రేపటికి పనికొస్తాయి కదా" అనే వాదన ఉంది. వీడియో ఎడిటింగ్ చేసేవారికి, ఆడుతూ ప్రసారం చేసేవారికి అది ఇవాళే నిజం. ఆటలకు మాత్రమే అయితే, ఆ డబ్బు దాచుకుని కొన్నేళ్ల తర్వాత కొత్త తరం ప్రాసెసర్ కొనడం మేలు. అప్పటికి ఒక్కో కోరే మరింత వేగంగా ఉంటుంది.

కోర్ల సంఖ్య అట్ట మీద పెద్ద అక్షరాల్లో అచ్చేయడానికి అనువైన అంకె. కొనేవారికి కావాల్సింది అది కాదు. తాము ఆడే గేమ్‌లో, తమ తెర రిజల్యూషన్‌లో ఆ యంత్రం సెకనుకు ఎన్ని చిత్రాలు ఇస్తుందన్నది అడగాలి. అమ్మేవారు ఆ అంకె చెప్పాలి. అది తెలియకుండా కుటుంబం కూడబెట్టిన సొమ్ముతో కోర్లు కొనడమంటే, ఒక్క చీర త్వరగా కావాలని పది మగ్గాలు కొనడమే. ఆల్థాన్ మనవడికి ఆ రెండో కొటేషనే మేలు.