పరీక్ష తరువాతి వారం

మా ఊళ్ళో ఆదివారం తెలుగు బడి ఒకటి నడుస్తుంది. ఒక స్కూలు కాఫెటేరియా అద్దెకి తీసుకుని, తల్లిదండ్రులమే మాస్టార్ల అవతారం ఎత్తి, పదింటి నుంచి పన్నెండింటి దాకా చెబుతాం. నాకు రెండో లెవెల్ ఇచ్చారు. అంటే గుణింతాలు వచ్చేసి ఒత్తుల్లోకి అడుగుపెట్టే పిల్లలన్నమాట. వారమంతా డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి కాబట్టి, అందరి మార్కులూ ఎక్కించి రిపోర్టులు తీసే పని కూడా నా నెత్తినే పడింది.

కొన్నేళ్ళ కిందట జూన్‌లో వార్షిక పరీక్ష పెట్టాం. నా క్లాసులో 18 మంది పిల్లలు, 40 ప్రశ్నలు. మార్కులతో పాటు ఎవరు ఏ ప్రశ్నకి ఏం రాశారో కూడా స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. కమిటీ మీటింగులో రంగురంగుల గ్రాఫు చూపించి నాలుగు మెప్పులు కొట్టేద్దామన్న సరదా తప్ప వేరే ఉద్దేశమేమీ లేదు. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒకచోట చెయ్యి ఆగిపోయింది. నేను చదువుతుంటే విని రాయమన్న మాటల్లో 14 మంది "బస్సు"ని "బసు" అని, "పువ్వు"ని "పువు" అని రాశారు. "చెట్టు" మాత్రం దాదాపు అందరూ సరిగ్గా రాశారు. కారణం ఏమిటంటే, చెట్టు మా పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. చూసి చూసి బట్టీ పట్టేశారు. అంటే వాళ్ళకి వచ్చింది చెట్టే కానీ, ఒత్తు కాదు.

ఇంకాస్త ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. ఇంగ్లీషులో ఒక మాట మధ్యలో రెండు ఎస్‌లు రాసినా పలికేది ఒక్కటే. ఇక్కడ పుట్టిన పిల్లల చెవికి "సు"కీ "స్సు"కీ తేడా వినపడటం లేదు. వినపడని దాన్ని రాయమంటే ఎలా రాస్తారు? నేనేమో అక్టోబర్ నెలంతా ఒత్తుల ఆకారాలు దిద్దించాను. చెప్పింది అక్టోబర్‌లో, రాలేదని తెలిసింది జూన్‌లో. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. నా స్ప్రెడ్‌షీట్‌కి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి పిల్లలందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేశాం, ఫోటోలు తీసేశాం, మూడో లెవెల్‌కి పంపేశాం. ఆ 14 మందిలో మా అమ్మాయి కూడా ఉంది.

ఫలితాలు చెప్పిన రోజు ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చి, "అంకుల్, నాకు ఏవి తప్పయ్యాయి?" అని అడిగాడు. "చాలా బాగా రాశావ్ నాన్నా, 34 వచ్చాయి!" అన్నాను. వాడు అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. పేపర్లు అప్పటికే అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశాం.

ఈ గొడవంతా ఎందుకు చెబుతున్నానంటే, అమెరికాలో స్కూళ్ళ పరీక్షల మీద ఎప్పుడు వాదన జరిగినా "ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా" అన్న దగ్గరే తిరుగుతుంది. 2002లో వచ్చిన "నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్" చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటేటా, హైస్కూల్లో ఒకసారి, రీడింగ్‌లోనూ లెక్కల్లోనూ పరీక్ష పెట్టి తీరాలంది. 2015లో దాని స్థానంలో మరో చట్టం వచ్చి శిక్షలు సడలించింది కానీ ఏటేటా పరీక్ష అలాగే ఉంది. ఆ పరీక్షల వల్ల లాభం లేదని నేననను. పేద పిల్లల ఫలితాలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల ఫలితాలు విడివిడిగా చూపించి తీరాలనడం వల్ల, సగటు మార్కుల చాటున దాక్కున్న చాలా విషయాలు బయటపడ్డాయి. కాకపోతే అది జిల్లా అధికారులకీ, చట్టసభలకీ అందే ఉత్తరం. చాలా రాష్ట్రాల్లో వసంతకాలంలో పరీక్ష పెడతారు, ఒక్కొక్కరి ఫలితం చేతికొచ్చేసరికి పిల్లవాడు ఆ టీచర్ దగ్గర ఉండడు. నా ఒత్తుల పిల్లల్లాగే.

చదువు నడుస్తుండగా దాన్ని సరిదిద్దుకోవడానికి చేసే పరీక్ష వేరు, చివర్లో లెక్క తేల్చడానికి చేసే పరీక్ష వేరు అని మైఖేల్ స్క్రివెన్ 1967లోనే పేర్లు పెట్టి మరీ చెప్పాడు. మొదటిది ఫార్మేటివ్, రెండోది సమ్మేటివ్. ఈ రెండు మాటలూ మన ఊళ్ళ దాకా వెళ్ళాయి. 2009 విద్యాహక్కు చట్టంలో పిల్లల్ని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని రాశారు. దరిమిలా మన రెండు రాష్ట్రాల బళ్ళలోనూ ఎఫ్ఏ-1, ఎస్ఏ-1 అన్న మాటలు ఇంటింటా వినపడుతున్నాయి. మా అన్నయ్య కొడుకుని ఫోన్లో "ఎఫ్ఏ అంటే ఏమిట్రా?" అని అడిగితే, "చిన్న పరీక్ష బాబాయ్, ఎస్ఏ పెద్ద పరీక్ష" అన్నాడు. మా రోజుల్లో యూనిట్ టెస్ట్, క్వార్టర్లీ అన్నవాటికే కొత్త పేర్లు! చూడాల్సింది పరీక్ష చిన్నదా పెద్దదా అని కాదు కదా, అది అయ్యాక పాఠం మారిందా లేదా అని.

ఇది సాంకేతికం శీర్షిక కాబట్టి యంత్రాల సంగతికి వద్దాం. జవాబు పత్రాలు దిద్దే యంత్రాన్ని కనిపెట్టింది ఎవరో తెలుసా? రేనాల్డ్ జాన్సన్ అనే మిషిగన్ స్కూలు టీచర్. పెన్సిల్ గ్రాఫైట్ గుండా కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి, గీత ఎక్కడ గీశారో యంత్రం పట్టుకోగలదన్నది ఆయన ఊహ. 1930లలో ఐబీఎం ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుని, ఆ ఊహని 805 అనే యంత్రంగా మార్కెట్‌లోకి తెచ్చింది. (ఇదే జాన్సన్ నాయకత్వంలో తర్వాత 1956లో మొట్టమొదటి హార్డ్ డిస్క్ తయారైంది. నాబోటి డేటాబేసుల వాళ్ళందరం ఆ పంతులుగారికి రెండు విధాల రుణపడ్డాం.) టీచర్ల చేతి నొప్పి తగ్గింది, లక్షల పేపర్లు దిద్దడం సాధ్యమైంది. పోయింది కూడా ఒకటుంది. చేత్తో దిద్దే టీచర్‌కి పిల్లవాడు చేసిన తప్పు కళ్ళబడుతుంది. యంత్రం మిగిల్చేది ఒక అంకె.

ఆ పోయినదాన్ని వెనక్కి తెచ్చే ప్రయత్నాల్లో నాకు చాలా ఇష్టమైనది "బగ్గీ" అనే ప్రోగ్రామ్. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ దాని గురించి రాశారు. ఈ మూడు తీసివేతలు చూడండి:

52 − 27 = 35
71 − 38 = 47
64 − 21 = 43

మూడింట్లో ఒకటే కరెక్టు. మార్కులిచ్చే యంత్రం "తీసివేతల్లో వీక్" అని తేలుస్తుంది. మీరు కాస్త పరకాయించి చూస్తే, ఈ పిల్ల ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోందని కనిపిస్తుంది. పైన ఏముందో కింద ఏముందో పట్టించుకోదు. కాబట్టి అప్పు తెచ్చుకోనక్కర్లేని లెక్క వస్తే కరెక్టు, అప్పు కావలసిన లెక్క వస్తే తప్పు. అజాగ్రత్త ఏమీ లేదు. ఒక తప్పు పద్ధతిని పొల్లుపోకుండా అమలు చేస్తోంది. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే అది బగ్. బగ్గీ చేసిన పని ఇలాంటి తప్పు పద్ధతుల్ని పేర్లతో సహా గుర్తు పట్టడం. ఇలాంటి పిల్లకి ఇంకో వంద లెక్కలు ఇంపోజిషన్ ఇస్తే ఏమవుతుంది? ఆ తప్పు పద్ధతిలోనే చెయ్యి తిరుగుతుంది.

అయితే ఏ పిల్లకి ఏది రాదో టీచర్ చేతికి రాసిస్తే సమస్య తీరిపోతుందా? సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. దీనికి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005-06లో లాటరీ పద్ధతిన ఎంచిన 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, పిల్లల బలాబలాల మీద వివరమైన రిపోర్టులు టీచర్లకి ఇచ్చారు. మధ్యమధ్య బడికి వెళ్ళి క్లాసులు గమనించారు. ఏడాది చివర విడిగా పరీక్ష పెట్టి, ఇవేవీ అందని బళ్ళతో పోల్చారు. ఎవరైనా చూస్తున్నప్పుడు ఈ టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. పిల్లల చదువులో మాత్రం తేడా ఏమీ లేదు! 2010లో అచ్చయిన ఆ పేపరు చదివిన రోజు నాకు కొంచెం దిగులేసింది. నేను తయారుచేసేవి అచ్చం అలాంటి రిపోర్టులే మరి.

అందులోనే ఇంకో ముక్క ఉంది. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చే పథకం వేరే బళ్ళలో నడిచింది. వాళ్ళకీ ఇవే రిపోర్టులు అందాయి. అక్కడ రిపోర్టు ఉపయోగపడిందని చెప్పిన టీచర్ల పిల్లలు నిజంగానే బాగా చేశారు. బోనస్ లేని చోట ఆ మాటకీ పిల్లల మార్కులకీ పొంతన లేదు. అలాగని డబ్బే మందు అని నేననుకోను. మార్కులకి బహుమానాలూ భయాలూ ముడిపెడితే ఏమవుతుందో ఇక్కడ అట్లాంటాలో చూశాం. 2011 విచారణలో 44 బళ్ళకి చెందిన 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ళ పేర్లు బయటికొచ్చాయి. పిల్లల జవాబులు చెరిపి దిద్దినట్టు పట్టించింది కూడా పేపర్లు దిద్దే యంత్రమే, తప్పు నుంచి ఒప్పుకి మారిన చెరుపుళ్ళు లెక్కపెట్టి. నాకు అర్థమైంది ఇంతే: రిపోర్టు చూసి రేపటి పాఠం మార్చుకోవాలంటే టీచర్‌కి కారణం ఉండాలి, తీరిక ఉండాలి. మన బళ్ళలో టీచర్‌ని అడిగే ప్రశ్న "సిలబస్ ఎంతవరకు అయింది?" అనే. ఆ ప్రశ్న బతికున్నంతకాలం ఎంత మంచి రిపోర్టయినా బీరువాలోకే వెళుతుంది.

ప్రథమ్ సంస్థ వాళ్ళు దీన్ని మరోవైపు నుంచి పట్టుకున్నారు. వాళ్ళ చదువు పరీక్ష ఒక కాగితం. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, చిన్న కథ. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే కొద్ది నిమిషాల పని. అసర్ పేరుతో 2005 నుంచి దేశమంతా ఇళ్ళకి వెళ్ళి చేసే సర్వే ఇదే. అదే కాగితాన్ని బళ్ళలో వాడినప్పుడు, ఫలితం రాగానే పిల్లల్ని తరగతిని బట్టి కాక చదవగలిగిన స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజులో కొంతసేపు ఆ స్థాయి పాఠం చెబుతారు. పరీక్ష, దాని తర్వాత చేసే పని, రెండూ ఒకే కాగితానికి అటూ ఇటూ. కంప్యూటర్ ఊసే లేదు.

నా క్లాసుకి వస్తాను. మరుసటి ఏడాది కమిటీలో మొండికేశాను. రెండో లెవెల్‌లో మూడు పాఠాలు తీసేయమన్నాను. "అదేమిటండీ, వేరే ఊళ్ళ బళ్ళతో పోలిస్తే వెనకబడిపోతాం కదా?" అన్నారు. నిజమే, వెనకబడ్డాం. వాటి బదులు ప్రతి క్లాసు చివరా ఐదు నిమిషాలు స్లిప్ టెస్ట్ పెట్టాను. మూడు మాటలు, ఒక చిన్న చీటీ, మార్కులు లేవు. పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చునే చీటీలు మూడు కుప్పలు వేస్తాను: వచ్చినవాళ్ళు, ఒకే రకం తప్పు చేసినవాళ్ళు, నాకు అంతుబట్టని వాళ్ళు. ఈ మధ్య చీటీలు ఫోటో తీసి కృత్రిమ మేధ ప్రోగ్రాముకిస్తే కుప్పలు అదే వేస్తోంది. కాకపోతే పిల్లలు గీసిన చిన్న ఒత్తుల్ని అప్పుడప్పుడూ మరకలనుకుంటోంది. వారం తర్వాత క్లాసులో మొదటి ఇరవై నిమిషాలు ఆ కుప్పలదే. పాఠం జరగదు.

మార్కులు ఎందుకు వేయనంటారా? రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా చూసిన పిల్లలు పడలేదు. మార్కు కనిపిస్తే దాని కింద రాసింది ఎవరు చదువుతారు? మన ప్రోగ్రెస్ కార్డులు గుర్తు తెచ్చుకోండి. ర్యాంకు చూసి సంతకం పెట్టిన నాన్నగారు, కింద టీచర్ రాసిన వాక్యం ఎప్పుడైనా చదివారా?

ఇక్కడ స్కూలు బోర్డు మీటింగులకి వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొత్త అసెస్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొంటామని అక్కడ చెప్పినప్పుడు మనవాళ్ళు అడిగేవి ధర, ప్రైవసీ, ఎన్ని నిమిషాల్లో ఫలితం వస్తుందన్నవి. నేను అడిగేది ఇంకొకటి. పరీక్ష తరువాతి వారం కాలెండర్‌లో టీచర్లకి ఎన్ని పీరియడ్లు ఖాళీ వదిలారు? కిందటిసారి అడిగినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన "డ్యాష్‌బోర్డ్ అయితే చాలా బావుంటుంది" అన్నాడు. ఇలాంటి డ్యాష్‌బోర్డులు కట్టే నా కంటికి కూడా అది బాగానే ఉంది. ఖాళీ పీరియడ్లు మాత్రం దాంట్లో ఎక్కడా కనపడలేదు.

మా రెండో లెవెల్‌లో ఇప్పుడు ఒత్తులు రాయించడానికి ముందు చెవి పరీక్ష ఉంటోంది. నేను గుడి–గుడ్డి, గడి–గడ్డి, కల–కల్ల అని జంటలు చదువుతాను, ఒత్తు వినపడితే చప్పట్లు కొట్టాలి. మొదటి వారం చప్పట్లు ఎక్కడ పడితే అక్కడ మోగాయి. మూడో వారానికి సగం మంది సరిగ్గా కొట్టారు, ఐదో వారానికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరికీ ఈ ఆదివారం ఇంకో పది నిమిషాలు. మా అమ్మాయికి ఇంట్లో, కారులో ఇదే ఆట. మొన్న గుంటూరులో ఉన్న మా అత్తగారికి పుట్టినరోజు కార్డు రాసి చూపించింది. "అమమ్మకి" అని ఉంది. రెండు ఒత్తుల్లో ఒకటి వచ్చింది. ఏది తప్పయిందని అడిగింది. ఈసారి చూపించాను.