మిల్లు గేటు దగ్గర కాపలా పెట్టండి

ఏప్రిల్ 15 వచ్చిందంటే చాలు, మన ప్రభుత్వాలకు సముద్రం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. జూన్ 14 దాకా, 61 రోజుల పాటు తూర్పు తీరంలో మరబోట్లు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమట, వాటిని బతకనివ్వాలట. బతకనివ్వండి, ఎవరు వద్దన్నారు? వేట మానిన కుటుంబానికి 20 వేల భృతి ఇచ్చి, ఫొటో దిగి, బాధ్యత తీరిపోయిందనుకుంటారు. జూన్ 15 తెల్లారేసరికి ఆ ప్రేమ కాస్తా ఆవిరి. రెండు నెలలు కాపాడిన పిల్లచేపను మిగతా పది నెలలూ ఎవరు ఊడ్చుకుపోతున్నారో, అది ఎక్కడికి చేరుతోందో అడిగే నాథుడు లేడు.

తెల్లవారుజామున ఏ పెద్ద చేపల రేవుకైనా వెళ్లి చూడండి. వేలం పాట దగ్గర వంజరం, చందువ, రొయ్య మంచుగడ్డల మధ్య మెరుస్తుంటాయి. చుట్టూ జనం, కేకలు. నాలుగడుగుల అవతల, మంచు కూడా దండగనుకుని నేల మీద పోసిన బూడిదరంగు గుట్ట ఒకటి ఉంటుంది. దగ్గరికెళ్లి వంగి చూడండి. వేలెడు పొడవైనా లేని సావళ్లు, పొట్టలు చితికిన కవళ్లు, గోళీకాయంత పీతపిల్లలు, కళ్లు తప్ప ఒళ్లు కనిపించని గొరక పిల్లలు. పారతో ఎత్తి లారీలో పోస్తారు. నీచు నీళ్లు కార్చుకుంటూ ఆ లారీ ఫిష్‌మీల్ మిల్లుకు పోతుంది. ఆ గుట్టలో చాలా చేపలు ఇంకొన్నాళ్లు నీళ్లలో ఉంటే తట్టకెక్కి మంచి ధరకు అమ్ముడుపోయేవే. ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకుండానే పారకు ఎక్కాయి.

ఆ మిల్లులో కిలో చేపల పొడి కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి చేప పోయాలి. ఆ పొడి రొయ్యల మేతలోకి, చేపల మేతలోకి వెళ్తుంది. దేశంలోనే అత్యధికంగా రొయ్యలు పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్; 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక ఆ పంట ఇంకా పెరిగింది. అందులో పెద్ద భాగం అమెరికాకు పోతుంది. చెరువుల్లో పెంచితే సముద్రం మీద భారం తగ్గుతుందని మనకు చెప్పారు. మేతలో సోయా కూడా ఉంటుందని ఇప్పుడు సర్దిచెబుతున్నారు. ఉంటుంది. సోయాతో పాటు కలిసే ఆ పొడి ఎక్కడి నుంచి వస్తోంది? సముద్రాన్ని దంచి చెరువుల్లో పోసి, దానికి నీలి విప్లవం అని పేరు పెట్టుకున్నాం.

ఆ గుట్ట సముద్రం ఇచ్చింది కాదు, ట్రాల్ వల తెచ్చింది. రెండు బరువైన పలకలు వల నోరు తెరిచి పట్టుకుంటాయి. కింది అంచుకు కట్టిన బరువులు, గొలుసులు నేలను గీరుకుంటూ పోతాయి. వెనక సంచి. గంటల తరబడి ఈడుస్తారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, అడ్డొచ్చిన ప్రతిదీ సంచిలోకే. వెతికేది రొయ్య కోసం, పైకొచ్చేది సముద్రపు నేల మొత్తం. సంచి చివర వలకన్ను ఎంత సన్నగా ఉంటే గుట్ట అంత పెద్దది. గుట్టకు కొనేవాడు ఉన్నంతకాలం వలకన్ను పెద్దది చేసుకునే పిచ్చివాడు ఎవడుంటాడు?

చట్టం లేదా అంటే, ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ జాలర్లవని నిబంధన ఉంది. ఎల్‌ఈడీ దీపాల వేటను, రెండు బోట్లు కలిసి ఒకే వల ఈడ్చే వేటను నిషేధిస్తూ 2017లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఉంది. కాగితాలకు కరువేం లేదు. తాబేళ్లను తప్పించే పరికరం ట్రాల్ వలలకు కట్టడం లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. చెరువు రొయ్యను మాత్రం కొంటూనే ఉంది. ఆ చెరువుకు మేత ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లూ అడగరు, మనమూ చెప్పం.

ఇంత చేసి నష్టం ఎవరికి? ఒకప్పుడు నెత్తళ్లు, కవళ్లు ఇసుకలో ఎండబెట్టి, గంపలో పెట్టుకుని ఊరూరా అమ్మిన ఆడవాళ్లకు. ఆ చిన్న చేపకు ఇప్పుడు మిల్లు కూడా పోటీదారే. కూలినాలి చేసుకునే ఇంట్లో అంబలిలోకి నంజుకునే ఎండుచేప ముక్కకు కూడా అదే పోటీ. శ్రీకాకుళం తీరంలో ఒడ్డున హార్బరు లేక, వలలో చేప లేక, జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి పరాయి ట్రాలర్ల మీద కూలికి కుదురుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ చెరలో పడ్డారు, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. ఆ కథ 2025లో 'తండేల్' సినిమాగా వస్తే చప్పట్లు కొట్టాం. వాళ్లను అంత దూరం తరిమిందేమిటని థియేటర్ బయట ఎవరం అడగలేదు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల గొడవలో జాలరి పడవను జాలరే తగలబెట్టుకునే దాకా వచ్చింది. చేప తగ్గినకొద్దీ పేదవాడు పేదవాడి గొంతే పట్టుకుంటాడు.

సముద్రం ఎప్పటికీ తరగదనుకునేవాళ్లు కెనడా వైపు చూడాలి. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప అక్షయపాత్ర అనుకున్నారు. భారీ ట్రాలర్లు దిగాయి. 1968 ఒక్క ఏడాదిలోనే 8 లక్షల టన్నులకు పైగా తోడేశారు. చేప చిక్కడం లేదని, చిక్కినదీ చిన్నదైపోతోందని ఒడ్డున చిన్న పడవల వాళ్లు మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. 1992లో వేట ఆపేశారు. దాదాపు 30 వేల మంది ఉపాధి పోయింది. రెండేళ్లే అన్నారు, 2024 దాకా ఆంక్ష ఎత్తలేకపోయారు. చిన్నదైపోతున్న చేపను మనవాళ్లూ చూపిస్తున్నారు. వినడానికి మనకూ తీరిక లేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థలో చేపల సబ్సిడీల మీద చర్చ వస్తే మన దేశం చిన్న జాలరిని ముందు నిలబెట్టి, పాతికేళ్ల గడువు కావాలని వాదిస్తుంది. వాదన న్యాయమైనదే. మరి ఇంటి దగ్గర ఆ చిన్న జాలరికి రాసిచ్చిన 8 కిలోమీటర్లను ట్రాలర్ తొక్కకుండా ఎందుకు కాపాడరు?

బోటు మీద వాటాకు పనిచేసే కళాసీ మీద నాకు కోపం లేదు. అప్పు చేసి బోటు దించిన యజమానికీ వాయిదాలున్నాయి. గుట్ట అమ్మితే డీజిల్ ఖర్చయినా వస్తుందని అతని లెక్క. ఆ లెక్కను తప్పించాలి. సముద్రం విశాలం, కాపలా కాయలేమంటారు అధికారులు. సరే, సముద్రాన్ని వదిలేయండి. మిల్లుకు ఎన్ని గేట్లుంటాయి? కేరళ 2015లో 14 రకాల చేపలకు కనీస సైజు పెట్టింది, తర్వాత 58 రకాలకు పెంచింది. అలాంటి జాబితా ఒకటి మన మిల్లు గేటుకు తగిలించడానికి ఓడలు కావాలా, హెలికాప్టర్లు కావాలా? ఒక కొలబద్ద, లంచం ముట్టని ఒక మనిషి చాలు. బోట్లకు ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. తుపాను కబురు అందించే ఆ పెట్టెకు బోటు 8 కిలోమీటర్ల గీత లోపల తిరుగుతున్న సంగతీ తెలుస్తుంది. అక్కడ వేటాడిన మరబోటుకు లీటరుకు 9 రూపాయల డీజిల్ రాయితీ ఆపండి.

అన్నిటికంటే ముందు ఆ లారీని ఆపండి. పిల్లచేప కొన్న మిల్లుకు తాళం వేయండి. కొనేవాడు లేని గుట్టను రేవు దాకా మోసుకొచ్చే బోటు ఉండదు. వలకన్ను దానంతటదే పెద్దదవుతుంది.