మంచివాణ్ణి కూడా పెట్టాం కదా!

తెలుగు సినిమాల్లో ముస్లింలను చూపించే తీరు గురించి ఎవరైనా నోరు విప్పితే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "టెర్రరిస్టు ముస్లిమే, నిజమే. కానీ పక్కనే ఒక మంచి ముస్లింని కూడా పెట్టాం కదా!" దర్శకులు ఈ మాట అంటారు, సమీక్షకులు సమతూకం పాటించారని మెచ్చుకుంటారు, టీవీ ముందు కూర్చున్న మనమూ తలూపుతాం. ఈ వాదన ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని తప్పుబట్టినవాణ్ణే మతాల మధ్య తగవు పెట్టేవాడిగా చూస్తారు. అయినా నేను తప్పుబడుతున్నాను. మంచి ముస్లిం పాత్ర చెడ్డ ముస్లిం పాత్రకు విరుగుడు కాదు. రెండూ ఒకే అనుమానంలోంచి పుట్టినవే.

కృష్ణవంశీ 'ఖడ్గం' (2002) సంగతి చూద్దాం. అది ద్వేషంతో తీసిన సినిమా కాదు, సామరస్యం కోరి తీసిందే. అందుకే దాన్ని ఎంచుకున్నాను. ప్రకాశ్‌రాజ్ వేసిన అమ్జాద్ ఆటో డ్రైవరు. తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిసిపోతాడు. అమ్జాద్ ఆవేశానికి, కన్నీళ్లకు థియేటర్లలో చప్పట్లు మోగాయి. అదే సినిమాలో శ్రీకాంత్ వేసిన పోలీసు అధికారికి పోగొట్టుకున్న ప్రేమ ఉంది, పగ ఉంది. రవితేజ వేసిన కుర్రాడికి హీరో కావాలన్న పిచ్చి ఉంది. మరి అమ్జాద్‌కు ఏముంది? నేను ఈ దేశం మనిషినేనని పదేపదే రుజువు చేసుకోవడం ఉంది. మిగతా ఇద్దరికీ కథలు దక్కాయి, అతనికి పరీక్ష దక్కింది. ఆ పరీక్షలో నెగ్గాడు కాబట్టి మనం చప్పట్లు కొట్టాం. అసలు పరీక్ష ఎందుకు పెట్టారని మనలో ఎంతమంది అడిగాం?

క్రిష్ 'వేదం' (2010) ఇంతకంటే చాలా ముందుకు వెళ్లింది. మనోజ్ బాజ్‌పాయి వేసిన రహీముద్దీన్ ఏ నేరమూ చేయకపోయినా అనుమానంతో పోలీసుల చేతికి చిక్కుతాడు. ఆ అవమానాన్ని అంత సూటిగా చూపించిన పెద్ద సినిమా మనకు మరొకటి దొరకడం కష్టం. దానికి ఆ దర్శకుడికి నమస్కరిస్తాను. కానీ చివరికి ఏమైంది? తనను హింసించిన పోలీసు ప్రాణాన్నే రహీముద్దీన్ కాపాడాల్సి వచ్చింది. కాపాడకుండా, కోపంగా, విసుగ్గా, 'నన్ను వదిలేయండి' అంటూ ఇంటికి వెళ్లిపోయి ఉంటే? అప్పుడూ అతను నిరపరాధే. కానీ ఆ నిరపరాధిని మనం ప్రేమించి ఉండేవాళ్లమా? మన దగ్గర మైనారిటీ పాత్ర మామూలు మనిషిగా మిగిలితే చాలదు, త్యాగం చేసి తీరాలి. హీరో కోసం తూటాకు ఎదురెళ్లే స్నేహితుడు, జెండా పట్టుకుని ప్రాణం విడిచే ముసలి చాచా, ఇలా ఎంతమందిని చూడలేదు!

ఇంకో రకం మంచితనం కూడా ఉంది. భద్రాచల రామదాసు కథలో గోల్కొండ సుల్తాను తానీషాను తెలుగువాళ్లం తరతరాలుగా అభిమానిస్తున్నాం. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ఆ సుల్తాను పేరు మీద మొదలైన ముత్యాల తలంబ్రాల సంప్రదాయాన్ని ప్రభుత్వాలు ఇప్పటికీ పాటిస్తున్నాయి. ఆ కథ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ ఒక్క అచ్చులోనే తర్వాతి పాత్రలన్నిటినీ పోస్తూ వచ్చాం. మన దేవుడికి చేతులెత్తిన ముస్లిం మంచివాడు. తన దేవుడికి ఐదుపూటలా మోకరిల్లే ముస్లింని మాత్రం కెమెరా కాస్త అనుమానంగానే చూస్తుంది. అజాన్ వినిపించిందంటే తర్వాతి షాట్‌లో ఏదో జరగబోతోందని ప్రేక్షకుడికి నేపథ్య సంగీతమే నేర్పిపెట్టింది. హీరో తల్లి తులసికోట చుట్టూ తిరిగితే అది ఇల్లు. నమాజు చాప పరిస్తే అది ఉత్కంఠ!

"వార్తల్లో ఉన్నదే చూపిస్తున్నాం" అనేవాళ్లున్నారు. హైదరాబాద్‌లోని గోకుల్‌చాట్, లుంబినీ పార్కు, దిల్‌సుఖ్‌నగర్‌లలో బాంబులు పేలిన మాట నిజం. చచ్చిపోయినవాళ్లు మనవాళ్లు. ఆ పేలుళ్ల మీద సినిమా తీయడంలో తప్పేమీ లేదు. 'వైల్డ్ డాగ్' (2021) అలా వచ్చిందే. అయితే వార్తల్లో ఇంకొకటి కూడా ఉంది. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చనిపోయినవాళ్ల సమాజంలోంచే పోలీసులు పదుల సంఖ్యలో కుర్రాళ్లను పట్టుకెళ్లారు. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది, 2013లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. చదువు ఆగిపోయిన కుర్రాడు, పెళ్లి తప్పిపోయిన చెల్లెలు, కోర్టు మెట్ల మీద కూర్చున్న తల్లి, ఇంతకంటే బలమైన కథావస్తువు ఏ రచయితకు దొరుకుతుంది? నాకు తెలిసి పెద్ద హీరో ఎవరూ ఆ కుర్రాడి వేషం వేయలేదు. కాబట్టి వార్తల్లో ఉన్నదంతా చూపిస్తున్నారన్న మాట నిజం కాదు. ఏరుకుని చూపిస్తున్నారు.

"దొంగ బాబాలను, పూజారులను కూడా ఎగతాళి చేస్తున్నాం కదా, వాళ్ల మనోభావాల మాటేమిటి?" ఇది మరో వాదన. దొంగ బాబా ఉన్న సినిమాలోనే హీరో, అతని తల్లి, ప్రేమించిన అమ్మాయి, వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారు, అందరూ హిందువులే. వాళ్లలో పిసినారులుంటారు, దయగలవాళ్లుంటారు, తాగుబోతులుంటారు. బాబాను చూసి ఎవరూ హిందువులంటే ఇంతేనని అనుకోరు. మైనారిటీకి దక్కేది సినిమా మొత్తానికి ఒక్క పాత్ర. ఆ ఒక్కడూ మొత్తం సమాజం బరువు మోయాలి. మహా అయితే రెండు పాత్రలు, ఒకడు దేశద్రోహి, ఒకడు దేశభక్తుడు. ఈ లెక్కను సమానం అనడం అన్యాయం.

ఇక భాష. గడ్డం, టోపీ కనిపించగానే ఆ పాత్ర చేత వచ్చీరాని తెలుగు మాట్లాడించి నవ్వించడం మనకు అలవాటైపోయింది. కానీ బుర్రకథకు తెలుగునేలంతటా పేరు తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. పల్నాటి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు కథను ఆయన గొంతులో విని ఊళ్లకు ఊళ్లు ఊగిపోయాయి. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగంలో మోగింది. దూదేకుల ఇళ్లలో తల్లి జోల పాడేది తెలుగులోనే. రాయలసీమలో ముస్లిం పొలంగట్టు మీద మాట్లాడే తెలుగు విన్నవాడెవడూ ఆ సినిమా యాసను ఒప్పుకోడు. పీర్ల పండుగకు దట్టీలు కట్టి, మలీద పంచి, గుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి ఎగిరే ఊళ్లు తెలంగాణలో, సీమలో ఎన్నో. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో నిలబడి కోరికల రొట్టెలు మార్చుకునేవాళ్లను ఎవరిది ఏ మతమని ఎవరూ అడగరు. ఇంత సంపద చేతిలో పెట్టుకుని, మన రచయితలు మాత్రం పరాయి సినిమాల నుంచి ఖవ్వాలీ సెట్టు అరువు తెచ్చుకుంటున్నారు.

క్రైస్తవుల విషయం ఇంకా దారుణం. వాళ్లను చెడుగా చూపిస్తున్నారని కాదు, అసలు మనవాళ్లుగానే చూపించడం లేదు. 'ఏ మాయ చేసావె' (2010)లో మనం మనసు పారేసుకున్న జెస్సీ కేరళలోని అలెప్పీ అమ్మాయి. 'అంటే సుందరానికీ' (2022)లో నాయిక పేరు లీలా థామస్. రెండూ ప్రేమగా రాసిన పాత్రలే. కానీ మన ఊళ్ల సువార్తమ్మ, కృపమ్మ, ఆశీర్వాదం, దేవసహాయం ఎక్కడ? పాత సినిమాల్లో క్రైస్తవుడంటే గోవా నుంచి దిగిన మైకేల్, చేతిలో సీసా, పక్కన గౌను తొడుక్కున్న క్లబ్బు డాన్సరు. కొత్త సినిమాల్లో చర్చి గంట, తెల్ల గౌను, విదేశీ చర్చిలో పాట. దయ్యాల సినిమా అయితే శిలువ పట్టుకున్న ఫాదరు. హీరో వెళ్లి జాలీ పెట్టె ముందు పాపం ఒప్పుకుంటాడు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్లు, పెంతెకోస్తులు. వాళ్ల చర్చిల్లో ఆ పెట్టే ఉండదు. ఫిరంగిపురంలో, గుణదలలో కతోలికులున్నారు, కానీ అక్కడి మేరీమాత ఉత్సవాల జనసందోహం కూడా మన తెరకెక్కదు.

పల్లెలో ఆదివారం పొద్దున ఎలా ఉంటుందో చూడండి. రేకుల కప్పు మందిరం, ముందు చెప్పుల వరుస. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు తెల్లచీర కొంగు తలమీద కప్పుకున్న ఆడవాళ్లు. డోలక్, కంజిర, అరిగిపోయిన మైకు. పాడేది కర్ణాటక రాగాల వరసలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు 19వ శతాబ్దంలో రాసిన అచ్చ తెలుగు కీర్తనలు. తెల్లచొక్కా వేసుకున్న పాస్టరుగారు వాక్యం చెబుతూ మిరప ధర గురించి, ఊళ్లో సారా గురించి కూడా మాట్లాడతారు. బయటికొచ్చాక అందరూ "వందనాలండీ" అనుకుంటారు. మధ్యాహ్నం ఆ ఆడవాళ్లలో ఒకామె కూలికి వెళుతుంది. సమాధుల పండుగ నాడు తల్లిదండ్రుల సమాధికి సున్నం వేసి కొవ్వొత్తి పెడుతుంది. ఈ మనిషిని తెలుగు తెర మీద ఎన్నిసార్లు చూశారు? శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' (2021)లో నాయకుణ్ణి దళిత క్రైస్తవుడిగా చూపించడం అందుకే అంత కొత్తగా అనిపించింది.

ఈ మనిషి ఎందుకు కనిపించరు? ఎందుకంటే ఈ క్రైస్తవుణ్ణి చూపిస్తే కులాన్ని చూపించాలి. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఒంగోలు చుట్టుపక్కల మాదిగలకు పని పెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు ఎందుకొచ్చారు, ఏం వదిలేసి వచ్చారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు అని అడిగితే మన ఊరి చరిత్రంతా బయటికొస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. అందుకే చాలామంది కాగితం మీద ఒక మతంగా, ఆదివారం మరో మతంగా బతుకుతున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. పల్లెలు తెలిసినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మరు. లెక్కల్లో లేని మనుషులు తెర మీదా లేరు.

ఇవన్నీ రాయడం చేతకాని భాష కాదు మనది. సాహిత్యం ఎప్పుడో చేసి చూపించింది. జాషువ 'గబ్బిలం'లో అంటరానివాడి కష్టాన్ని కాశీ విశ్వనాథుడికి మొరపెట్టాడు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. తొంభైల చివర 'జల్‌జలా' సంకలనంతో ముస్లిం కవులు తమ గొంతుతో తాము మాట్లాడారు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివి ఏ మతం పాఠకుడైనా తన బాల్యం గుర్తొచ్చి నవ్వుకున్నాడు. షాజహానా 'నఖాబ్' ముస్లిం స్త్రీ కోపాన్ని సొంత ఇంటి మీదకూ తిప్పింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథల్లో కడప జిల్లా ముస్లింల బతుకుంది. ఈ పుస్తకాల్లో పిసినారి ముస్లిం ఉంటాడు, పెళ్లాన్ని కొట్టే ముస్లిం ఉంటాడు, భయస్తుడుంటాడు. ఎవరూ ఎవరి ముందూ దేశభక్తి పరీక్ష రాయరు. మైనారిటీ పాత్రలను అందంగా దిద్దమని నేను అడగడం లేదు. వాళ్లలోని ఛాందసాన్ని, పెత్తనాన్ని, డబ్బు దండుకునే పాస్టర్లను, ఆడపిల్ల చదువుకు అడ్డుపడే పెద్దలను కూడా చూపించాలి. లోపలి మనిషి రాస్తే అది విమర్శ అవుతుంది. వాళ్ల గడప తొక్కనివాడు రాస్తే పుకారు అవుతుంది.

సినిమాలను నిషేధించమనీ అనడం లేదు. 2013లో 'విశ్వరూపం'ను తమిళనాడులో ఆపినప్పుడు ముస్లింలకు ఒరిగిందేమీ లేదు, వాళ్లంటే ఓర్పులేని జనమన్న ముద్ర ఇంకాస్త గట్టిపడింది తప్ప. రజాకార్ల దుర్మార్గం మీద సినిమా తీయవచ్చు, అది జరిగిన చరిత్ర. కానీ హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనం కావాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్న పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్, భూస్వామి అయిన దేశ్‌ముఖ్‌తో పోరాడి 1940లో హత్యకు గురైన రైతు షేక్ బందగీ ఒక్కో సినిమాకు సరిపడా మనుషులు. ఒక సన్నివేశంలో మెరిసి మాయం కావలసినవాళ్లు కారు.

రచయితలకు, దర్శకులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ముస్లిం పాత్రో క్రైస్తవ పాత్రో రాసేటప్పుడు పక్కన ఇంకో మంచివాణ్ణి పెట్టి లెక్క సరిచేయకండి. ఆ పాత్రకు ఇల్లు ఇవ్వండి, అప్పు ఇవ్వండి, ప్రేమ ఇవ్వండి, చిరాకు ఇవ్వండి, దేవుణ్ణి కూడా ఇవ్వండి. షరీఫ్, షాజహానా, ఖదీర్‌బాబు లాంటివాళ్లు ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నారు. వాళ్లను కథాచర్చలకు పిలవండి, సలహా అడిగి పంపేయకుండా పారితోషికం ఇవ్వండి, టైటిల్ కార్డులో పేరు వేయండి.